రబ్బరు అరిగిపోయింది, తొడుగు దాచుకున్నాను

నా బల్ల ఎడమవైపు సొరుగులో ఒక చిన్న కాగితపు తొడుగు ఉంది. లోపల రబ్బరు లేదు, అది అరిగిపోయి చాలాకాలమైంది. రెండువైపులా వేళ్ళతో నొక్కితే గొట్టంలా తెరుచుకుంటుంది, వదిలితే మళ్ళీ చదునుగా పడుకుంటుంది. పైన నీలం పట్టీ, మధ్యలో తెల్లది, కింద నల్లది. టాంబో అనే జపాన్ కంపెనీ చేసే మోనో ఎరేజర్ తొడుగు అది.

డబ్బాలకీ అట్టపెట్టెలకీ లేబుళ్ళకీ అక్షరాలు గీయడం నా పని. కొత్త పని మొదలుపెట్టి ఆలోచన ముందుకు కదలనప్పుడు నేను తెర మీద బొమ్మలు వెతకను. ఈ సొరుగు తెరుస్తాను. పాత కెమెరా రీళ్ళ పెట్టెలు, గుండుసూదుల డబ్బాలు, సిరా సీసాల మీంచి ఊడదీసిన లేబుళ్ళు, ముదురాకుపచ్చ ఫేబర్ కాజిల్ 9000 పెన్సిళ్ళ రేకు డబ్బా ఒకటి, ఇంకా పేరు చెరిగిపోయినవి కొన్ని ఉంటాయి అందులో. వాటన్నిటిలో చిన్నది ఈ తొడుగే. నాకు ఎక్కువ నేర్పింది కూడా ఇదే. కాబట్టి ఈ సమీక్షలో రబ్బరు గురించి కొంత, తొడుగు గురించి చాలా ఉంటుంది.

ముందు రబ్బరు సంగతి. నేను అక్షరాలను ట్రేసింగ్ కాగితం మీద హెచ్‌బీ, 2బీ పెన్సిళ్ళతో గీస్తాను. ఒక వంపు నచ్చేదాకా పది పదిహేనుసార్లు చెరపాల్సి వస్తుంది. అంతసేపు ఒకేచోట రుద్దితే చాలా రబ్బర్లు కాగితాన్ని నూగు లేపుతాయి. ఆ నూగు మీద మళ్ళీ గీత గీస్తే అంచు చెదురుతుంది. మోనో ఆ పని చేయదు. గట్టిగా నొక్కక్కర్లేదు. చేతి బరువు ఆనితే చాలు, గీత లేచిపోతుంది. ఇది పేరుకు రబ్బరు కానీ నిజానికి ప్లాస్టిక్. పీవీసీలో దాన్ని మెత్తబరిచే ద్రవం కలిపి చేస్తారు. రుద్దినప్పుడు పైపొర చిన్న చిన్న పోగులుగా ఊడి, కాగితం నారల మధ్య ఉన్న గ్రాఫైట్‌ను తనలో చుట్టుకుని వచ్చేస్తుంది. అందుకే చెరిపిన ప్రతిసారీ కొత్త, శుభ్రమైన అంచు బయటికొస్తుంది. పొట్టు మాత్రం ఎక్కువే. బల్ల పక్కన మెత్తటి బ్రష్ ఒకటి పెట్టుకోవాలి. చేత్తో దులిపితే గీతలు అలుక్కుపోతాయి.

6బీలాంటి మెత్తటి పెన్సిళ్ళతో నల్లగా నింపిన చోట మాత్రం ఇది మొదట కాస్త పులుముతుంది. అలాంటప్పుడు పిండిలా నలిగే రబ్బరుతో ముందు అద్ది, ఆ తర్వాత మోనో వాడతాను. రంగు పెన్సిళ్ళను పూర్తిగా చెరపలేదు. సిరా మీద అసలే పనిచేయదు. ఇక నాకు చెప్పాలని ఉన్నది తొడుగు గురించి.

చాలామంది రబ్బరు కొనగానే ఆ కాగితం తీసి పారేస్తారు. నేనూ చిన్నప్పుడు అలాగే చేసేవాణ్ణి. ఒకసారి తొడుగు తీసేసిన ముక్కను ప్లాస్టిక్ పెట్టెలో స్కేలు పక్కన వేసి కొన్ని నెలలు మర్చిపోయాను. తీసి చూస్తే రబ్బరు స్కేలుకు అతుక్కుపోయింది. ఊడదీస్తే స్కేలు మీద అంకెలున్న చోట గుంట పడింది. రబ్బరును మెత్తగా ఉంచే ఆ ద్రవమే మెల్లగా బయటికి పాకి, పక్కనున్న ప్లాస్టిక్‌ను కూడా మెత్తబరుస్తుంది. మధ్యలో కాగితం ఉంటే అంతదూరం పాకదు. అంటే ఆ తొడుగుకు ముందుగా ఒక పని ఉంది. వేళ్ళకు జిడ్డు అంటకుండా పట్టు ఇవ్వడం రెండో పని. ఈ రెండూ అయ్యాకే పేరు చెప్పడం, అందంగా కనిపించడం.

నాకు ఈ వరుస చాలా ఇష్టం. పెట్టె గీయమని నా దగ్గరికి వచ్చేవాళ్ళు మొదట రంగు గురించి అడుగుతారు. నేను లోపలి వస్తువు గురించి అడుగుతాను. చెమ్మ పడుతుందా, విరుగుతుందా, కారుతుందా, ఒకేసారి అయిపోతుందా, ఏడాదిపాటు ఇంట్లో ఉంటుందా? మోనో తొడుగును చూసినప్పటి నుంచే నాకీ అలవాటు వచ్చింది.

ఇప్పుడు పట్టీల దగ్గరికి వద్దాం. మూడు పట్టీలూ రబ్బరు పొడవునా నడుస్తాయి. అడ్డంగా చుట్టి ఉండవు. మొదటి రబ్బరు సగం అరిగేదాకా నేను ఇది గమనించలేదు. రబ్బరు అరిగేకొద్దీ తొడుగు పొడవు ఎక్కువవుతుంది. వెనక్కి జరపాలి, లేదా ముందువైపు కత్తెరతో కొద్దిగా కత్తిరించాలి. నేను కత్తిరిస్తాను. ఒకసారి కత్తిరించి బల్ల మీద పెట్టాక చూస్తే, తొడుగు కురచయింది కానీ దాని వాలకం ఏమీ మారలేదు. నీలం, తెలుపు, నలుపు మూడూ ఉన్నాయి. ఇంకా కత్తిరించినా ఉంటాయి. అవే పట్టీలు అడ్డంగా ఉండి ఉంటే మొదటి కత్తిరింపులో ఒక రంగు సగం పోయేది, రెండో దాంతో అది పూర్తిగా మాయమయ్యేది. వాడేకొద్దీ తగ్గిపోయే వస్తువు ఇది. ఎంత తగ్గినా ఫలానాది అని తెలిసేలా ఉంది. గీసినవాళ్ళు ఇదే ఉద్దేశంతో గీశారో లేదో గానీ, నేను మాత్రం ఆ రోజు పని ఆపేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత గీసిన ప్రతి పెట్టెకూ, సగం వాడాక ఇది ఎలా ఉంటుందో అని ఇంకో బొమ్మ వేసి చూసుకుంటున్నాను. మూత చింపాక పేరు చిరిగిపోతుందా? అట్ట తెరిచాక ముఖం రెండుగా విడిపోతుందా? ఈ రెండో బొమ్మ వల్ల మొదటి బొమ్మ మార్చుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

మధ్యలో తెలుపు ఎందుకుందో నాకు ఇంకో పెట్టె నేర్పింది. పని మొదలుపెట్టిన తొలి ఏళ్ళలో ఒక దీపాల కంపెనీకి పెట్టె గీశాను. మెరూన్ రంగు పక్కనే ఆనుకుని ఆకుపచ్చ. వాటి మధ్య ఖాళీ లేదు. మెరూన్‌లో సన్నటి తెల్లక్షరాలు. తెర మీద ఎంతో బాగుంది. అచ్చయి వచ్చిన మొదటి కట్ట విప్పితే రెండు రంగులు కలిసేచోట వెంట్రుకంత తెల్లగీత వంకరగా పారుతోంది. అక్షరాల సన్నటి గీతల్లోకి సిరా చేరి కొన్ని మూసుకుపోయాయి. అచ్చులో ఒక్కో రంగూ విడిగా పడుతుంది. కాగితం ఏ కాస్త జరిగినా రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. అందుకే ఒక రంగు అంచును పక్క రంగు కిందికి కొంచెం పాకించి గీయాలి. దాన్ని ట్రాపింగ్ అంటారు. నాకప్పుడు ఆ సంగతి తెలియదు.

ఆ రాత్రి పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఏదో చెరుపుతూ చేతిలో ఉన్న మోనోను చూశాను. నీలం నలుపును తాకడమే లేదు. రెంటి మధ్యా తెల్లపట్టీ ఉంది. ఆ తెలుపంటే వేరే రంగు కాదు, ఖాళీగా వదిలిన కాగితమే. నీలం కొంచెం పైకి జరిగినా, నలుపు కొంచెం కిందికి జరిగినా తెల్లపట్టీ వెడల్పు అరమిల్లీమీటరు మారుతుంది, అంతే. ఎవరి కంటికీ తెలియదు. సిరా రెండు రంగులే పడినా, చూసేవాళ్ళకు మూడు కనిపిస్తాయి. ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత తక్కువ భయంతో అచ్చయ్యే ముఖం ఇంకోటి నేను చూడలేదు. రంగు తీసేసి నలుపు తెలుపు ఫొటో తీసినా మూడు మెట్లు విడివిడిగా తెలుస్తాయి. కళ్ళు సగం మూసి, చేయి చాపి దూరంగా పట్టుకుని చూడండి. అక్షరాలు పోయాక కూడా పట్టీలు మిగులుతాయి.

ఒకరోజు తొడుగును తలకిందులుగా పట్టుకుని చూశాను. నలుపు పైకొచ్చేసరికి ఆ చిన్న ముక్క బరువు తలమీదికి ఎక్కినట్టయింది. నలుపు కింద ఉంటేనే అది బల్ల మీద కుదురుగా కూర్చున్నట్టుంటుంది. రంగుకు బరువుంటుందని పాఠంలో చెబితే నేను రాసుకున్నాను కానీ, నమ్మింది మాత్రం దీన్ని తిప్పి చూశాకే.

తెల్లపట్టీలో పేరుంటుంది. ఇంగ్లీషులో నాలుగు పెద్దక్షరాలు: ఎమ్, ఓ, ఎన్, ఓ. గ్రీకులో మోనోస్ అంటే ఒక్కటే అని అర్థం, పేరు అక్కడి నుంచి వచ్చింది. నాకు అక్షరాలు నేర్పిన గురువుగారు ఒకసారి నా బల్ల మీద ఈ రబ్బరు చూసి, "దీన్ని ట్రేస్ చేశావా నాయనా?" అని అడిగారు.

"నాలుగక్షరాలే కదండీ, అందులోనూ రెండు ఒకటే" అన్నాను.

"అందుకే చెయ్యమంటున్నా. ఖాళీలు గీసి చూడు, అక్షరాలు కాదు."

ట్రేసింగ్ కాగితం వేసి, అక్షరాలను వదిలేసి వాటి మధ్య ఖాళీలను పెన్సిల్‌తో నింపడం మొదలుపెట్టాను. ఎమ్‌కు పక్కన నిలువు గీత ఉంటుంది. ఓకు వంపు ఉంటుంది. వంపు పైనా కిందా వెనక్కి తగ్గుతుంది కాబట్టి ఆ రెండు మూలల్లో అదనపు ఖాళీ చేరుతుంది. అందువల్ల నిలువు గీత పక్కన నిలువు గీత పెట్టినంత దూరంలో వంపును పెడితే అది ఎడంగా కనిపిస్తుంది. దగ్గరికి లాగాలి. ఇంకో సంగతి, గుండ్రటి అక్షరాన్ని పక్కనున్న చదును అక్షరంతో సరిగ్గా సమానమైన ఎత్తులో గీస్తే చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే అక్షరాలు గీసేవాళ్ళు ఓను గీతకు పైనా కిందా కొంచెం దాటిస్తారు. స్కేలు తప్పంటుంది, కన్ను ఒప్పంటుంది. పుస్తకాల రూపకల్పనలో పేరుపొందిన యాన్ చికోల్డ్ 1947 నుంచి 1949 దాకా పెంగ్విన్ ప్రచురణ సంస్థలో పనిచేసినప్పుడు పెద్దక్షరాల మధ్య ఖాళీని కంటి కొలతతో సర్దాలని పట్టుబట్టింది ఇందుకే. ఆ సంగతి చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు, అప్పటికే రబ్బరు మీద నింపిన ఖాళీలు చేతిలో ఉన్నాయి.

ఆ తర్వాత నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. అదే తెల్లపట్టీలో అదే పేరు తెలుగులో రాయాలి. చాలా రోజులు పట్టింది. ఇంగ్లీషు పేరులో రెండు ఓలు ఒకే ఆకారం, కాబట్టి నిలువు, గుండ్రం, నిలువు, గుండ్రం అని ఒక నడక వస్తుంది. తెలుగులో మోనో అని రాస్తే వినడానికి రెండు ఓలూ ఒకటే కానీ చూడటానికి కాదు. నకు ఓత్వం నెత్తి మీద మెలికలా వస్తుంది. మకు అలా రాదు, పైన ఎత్వం ఇచ్చి పక్కన కొమ్ము, దీర్ఘం తగిలిస్తాం. మో వెడల్పుగా సాగుతుంది, నో ఎత్తుగా లేస్తుంది. ఆ నడక పోయింది. పైగా నెత్తి మీది మెలికకు చోటివ్వాలంటే అక్షరం ఒళ్ళు తగ్గించాలి. ఒళ్ళు తగ్గితే అదే వెడల్పు పట్టీలో పేరు చిన్నదైపోతుంది. వత్తులున్న పేరైతే కింద కూడా చోటు కావాలి, అప్పుడు ఇంకా చిన్నదవుతుంది.

మొదట పట్టీనే వెడల్పు చేసి చూశాను. నీలం, నలుపు సన్నబడి ఆ కుదురు పోయింది. చివరికి నచ్చింది ఏమిటంటే, ఎత్వాన్నీ ఓత్వాన్నీ నీలంలోకి తోసేయడం. నీలంలో పడిన భాగం తెల్లగా, తెలుపులో పడిన భాగం నల్లగా. అచ్చులో కష్టమే, మళ్ళీ రంగుల సర్దుబాటు గొడవ వస్తుంది. కానీ అక్షరం ఒళ్ళు పెద్దగా నిలిచింది. గుండ్రటి మన అక్షరాలకు పట్టీ ఒక గోడలా అడ్డం రాకుండా, నీటిమట్టంలా మెడ దగ్గర పారింది. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. దాంట్లోంచి పుట్టిన ఒక లేబుల్‌ను తర్వాత నిజంగానే అచ్చు వేయించాను. అక్షరాల ముక్కలు రెండు రంగుల్లో సరిగ్గా కూర్చునేదాకా ప్రెస్సు దగ్గర పొద్దుపోయేదాకా నిలబడ్డాను.

పాత ప్యాకింగుల నుంచి ప్రేరణ పొందడమంటే నాకు తెలిసింది ఇదే. ఆ మూడు రంగులనూ ఎత్తుకొచ్చి నా పెట్టె మీద వేస్తే అది దొంగతనం. జపాన్‌లోనైతే చట్టం ప్రకారం కూడా తప్పు కావచ్చు. జపాన్ 2015లో రంగులకు ట్రేడ్‌మార్క్ ఇచ్చే పద్ధతి తెచ్చింది. 2017లో మొదటిసారి రెండిటికి ఆ హక్కు దొరికింది. ఆ రెంట్లో ఒకటి ఈ నీలం, తెలుపు, నలుపు. పేరు లేకుండా, అక్షరం లేకుండా, రంగుల వరసే గుర్తు.

ఈ రబ్బరు పుట్టుక కూడా నాకు ఇష్టమైన కథ. టాంబో అంటే తూనీగ. 1913లో మొదలైన ఆ కంపెనీ 1967లో మోనో 100 అనే పెన్సిల్ తెచ్చింది. డజను పెట్టెతో పాటు ఒక రబ్బరు ఉచితంగా ఇచ్చేది. ఆ ఉచిత ముక్కే జనానికి బాగా నచ్చడంతో 1969 నుంచి విడిగా అమ్మారు. కొసరుగా ఇచ్చిన దానికి కూడా ఇంత శ్రద్ధగా బట్ట కట్టారన్నది నన్ను కదిలిస్తుంది. నా దగ్గరికి వచ్చే పనుల్లో చిన్నవే ఎక్కువ, చీటీలు, సీలు బిళ్ళలు, మూత మీది చుట్లు. ఒక్కోసారి విసుగొస్తుంది. అప్పుడు దీన్ని తీసి బల్ల మీద పెట్టుకుంటాను.

గుర్తుపట్టడం గురించి ఇంకొక్క మాట. 1915లో కోకాకోలా కొత్త సీసా కావాలని గాజు కంపెనీలను అడిగినప్పుడు, చీకట్లో చేత్తో తడిమినా తెలియాలి, పగిలి నేలమీద పడున్నా తెలియాలి అని షరతు పెట్టింది. అమెరికాలోని టెర్రె హోట్‌లో ఉన్న రూట్ గ్లాస్ కంపెనీ గీసిన సీసా నెగ్గింది. పగిలినా తెలియాలన్నది అక్కడి షరతు. కత్తిరించినా తెలియడం ఇక్కడి రబ్బరు తొడుగు గుణం. నా సొరుగులో ఉన్న చాలా అందమైన డబ్బాలు ఈ పరీక్షలో నిలవవు. ఒక మూల చింపితే అవెవరివో చెప్పలేం.

ఇదే కుటుంబంలో ఇంకొన్ని వాడాను. మోనో జీరో పెన్నులా ఉంటుంది, గుండ్రటి రకం కొన మందం 2.3 మిల్లీమీటర్లు. అక్షరం పొట్టలో చిక్కిన గీతను తీయడానికి దానికి సాటి లేదు, కాకపోతే లోపలి పుల్ల త్వరగా అయిపోతుంది. మోనో స్మార్ట్ 5.5 మిల్లీమీటర్ల మందంలో పలకలా ఉంటుంది. రెండు వరసల మధ్య ఒక్క వరసనే చెరపడానికి బాగుంటుంది, ఎక్కువ బయటికి తీసి నొక్కితే మాత్రం వంగుతుంది. డస్ట్ క్యాచ్ రకంలో పొట్టు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతుంది. దాని రబ్బరు నల్లగా ఉంటుంది కాబట్టి మురికి పట్టిందో లేదో నాకు తెలియదు, అందుకే మానేశాను. మోనో గ్రాఫ్ మెకానికల్ పెన్సిల్ మీద కూడా అవే మూడు రంగులు. పలక మీద పుట్టిన వేషం కర్ర మీదికి ఎక్కినా చెడలేదు.

ఇక ఫిర్యాదులు. తెల్లపట్టీ తొందరగా మాస్తుంది. గ్రాఫైట్ అంటిన వేళ్ళతో పట్టుకునే వస్తువు మీద మధ్యలోనే తెలుపు పెడితే మాయక తప్పదు. నాలుగు వారాల్లో అది బూడిదరంగుకు తిరుగుతుంది. తొడుగు వెనకవైపు సన్నక్షరాలు మరీ చిన్నవి. నా కళ్ళకు ఇప్పుడు భూతద్దం కావాలి. ముందువైపు అంత గాలి ఆడేలా పెట్టినవాళ్ళు వెనకవైపు కూడా కాస్త చోటిచ్చి ఉంటే బాగుండేది. ఇంకోటి, రబ్బరు అరిగేకొద్దీ ఆ ముక్క తొడుగులో వదులవుతుంది. చివర్లో జారి పడిపోతుంది. నేను లోపల ట్రేసింగ్ కాగితం ముక్క ఒకటి మడిచి దూరుస్తాను.

కొనాలనుకునేవాళ్ళకు చిన్న సైజు కన్నా మధ్య సైజు మేలని చెబుతాను. చేతికి నిండుగా ఉంటుంది, పట్టీల వెడల్పు కూడా చూడటానికి, కొలవడానికి వీలుగా ఉంటుంది. అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలైతే రెండు కొనండి. ఒకటి వాడండి. రెండోదాని తొడుగును అతుకు దగ్గర జాగ్రత్తగా విప్పి చదునుగా పరిచి, మడతలు ఎక్కడున్నాయో, ఏ రంగు అతుకు కిందికి వెళ్ళిందో, పేరు ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిల్‌తో గీసుకోండి. ఒక పూట పని. పెట్టెలు గీయడం మొదలుపెట్టేవాళ్ళకు నేను మొదటిరోజు ఇచ్చే పని కూడా ఇదే.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది సగం దాటింది. నిన్న మళ్ళీ కత్తెర వేశాను. ఈసారి ఎమ్ అక్షరం పోయింది. ఓ, ఎన్, ఓ మిగిలాయి. పట్టీలు మూడూ ఉన్నాయి.